దునియా మీద ఆఫ్రికా ఖర్జా

మన ఇళ్లల్లో ఆఫ్రికా మాట ఎప్పుడెప్పుడు వస్తుంది? ఫుట్‌బాల్ మ్యాచ్ చూసేటప్పుడు. కరువు ఫొటో పేపర్లో పడ్డప్పుడు. టోలీచౌకిలో కిరాయి గది కోసం తిరిగే నల్ల స్టూడెంట్ల గురించి ఇంటి ఓనర్లు మాట్లాడుకునేటప్పుడు. రిష్తా చూడ్డానికి వచ్చినవాళ్లు పిల్ల రంగు చూసి లేచిపోయాక, వెనకాల ఎవరో "హబ్షిన్" అని గొణిగినప్పుడు. ఇవి కాక, జుమా బయాన్‌లో హజ్రత్ బిలాల్ ప్రస్తావన వచ్చినప్పుడు. అప్పుడు మాత్రం కళ్లు తడుస్తాయి. ఆ తడి మసీదు మెట్లు దిగేలోపే ఆరిపోతుంది.

ఆఫ్రికా ఆలోచించింది, బహస్ చేసింది, దునియాకు అఖ్లాఖ్ నేర్పింది అనే మాట ఎక్కడా రాదు. ఫల్సఫా ఎక్కడ పుట్టిందని అడిగితే చదువుకున్న పిల్లలు యూనాన్ అంటారు, జర్మనీ అంటారు. కాస్త దీన్ తెలిసినవాళ్లు ఇబ్నె సీనాను, ఇమామ్ గజాలీని కలుపుతారు. లిస్టు అక్కడితో ఖతం. ఆఫ్రికా పేరెత్తితే "అక్కడ ఫిలాసఫీ ఏముంది భాయ్, నాలుగు సామెతలుంటాయేమో" అని నవ్వుతారు.

ఆ నవ్వుతోనే నా తగాదా.

నా దావా ఇది. ఇన్సాన్ అంటే ఎవరు, సజా ఎంతవరకు, మాఫీ ఎప్పుడు, ఒక ఖౌమ్ మొత్తానికి ఉండే హక్కులేమిటి అని ఇవాళ దునియా మాట్లాడుతోందే, ఆ మాటల్లో ఆఫ్రికన్ల ఆలోచనకు పెద్ద వాటా ఉంది. దాన్ని ఖైరాత్ వేసినట్టు ఒప్పుకుంటే సరిపోదు. అది వాళ్ల హఖ్. ఒకరి దగ్గర తీసుకుని, తీసుకున్నామన్న సంగతి దాచిపెట్టేవాణ్ని మన మొహల్లాలో ఏమంటారో మీకు తెలుసు.

ముందు ఈ జూఠ్ ఎక్కడ మొదలైందో చూద్దాం. జర్మనీ ఫల్సఫీ హెగెల్ 1820లలో బెర్లిన్‌లో తారీఖ్ మీద పాఠాలు చెబుతూ, ఆఫ్రికాకు దునియా తారీఖ్‌లో చోటే లేదని తీసిపారేశాడు. అతనికంటే ముందు, 1764లో, కాంట్ ఒక నల్లమనిషి మాటను కొట్టిపారేస్తూ, అతని ఒంటి నలుపే అతని మాట తెలివితక్కువదనడానికి సుబూత్ అన్నట్టు రాశాడు. ఇద్దరూ పెద్ద బుర్రలే. కాంట్ అఖ్లాఖ్ గురించి రాసింది లేకుండా ఇవాళ్టికీ ఫిలాసఫీ సిలబస్ తయారవదు.

వాళ్ల ఇంటి గుమ్మంలోనే జరిగిన ఒక సంగతి వినండి. ఇప్పుడు ఘనా అని పిలిచే దేశంలో 1703 ప్రాంతంలో ఒక పిల్లవాడు పుట్టాడు. చిన్నప్పుడే అతన్ని యూరప్ తీసుకుపోయి ఒక జర్మన్ నవాబుకి తోహ్ఫా కింద ఇచ్చేశారు. ఆంటన్ విల్‌హెల్మ్ ఆమో అతని పేరు. ఆ పిల్లవాడు హాలె యూనివర్సిటీలో చదివాడు. యూరప్‌లో నల్లవాళ్ల హక్కులేమిటి అనే విషయం మీద 1729లో వాదన సమర్పించాడు. ఆ రాత ఇప్పుడు దొరకడం లేదు. 1734లో మనసుకీ శరీరానికీ సంబంధం గురించి లాటిన్‌లో థీసిస్ రాశాడు. ఆ తర్వాత హాలె, యేనా యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పాడు. యేనా అంటే, తర్వాతి కాలంలో ఇదే హెగెల్ పాఠాలు చెప్పిన ఊరు. ఒక ఆఫ్రికన్ నిలబడి ఫల్సఫా చెప్పిన ఊళ్లో కొలువు చేసి, ఆఫ్రికన్లకు ఆలోచన లేదన్నాడాయన. దీన్ని తెలియనితనం అనలేం. కళ్ల ముందున్నదాన్ని లెక్కలోంచి కొట్టేయడం ఇది.

ఇక మన వైపు సంగతి. "గోరాలు అలాంటోళ్లే, మనకు రంగు పట్టింపు లేదు" అనే మాట చాలామంది నోట వింటాం. అలా అనేవాళ్లు తింబక్తూ ఆలిమ్ అహ్మద్ బాబా జిందగీ తెలుసుకోవాలి.

ఈయన 1556లో పుట్టాడు, 1627లో వఫాత్ అయ్యాడు. మాలికీ ఫిఖ్‌లో పెద్ద పేరు. 1591లో మొరాకో సుల్తాన్ ఫౌజు సహారా దాటి వచ్చి తింబక్తూను ఆక్రమించుకుంది. వచ్చింది ముస్లిం ఫౌజు, పడిపోయింది ముస్లిం షహర్. అహ్మద్ బాబాను సంకెళ్లు వేసి మర్రాకిష్ తరలించారు. ఆయన కుతుబ్‌ఖానా లూటీ అయింది. పోయినవి 1,600 కితాబులని, మా ఖాన్‌దాన్‌లో అందరికంటే చిన్న కుతుబ్‌ఖానా నాదేనని ఆయనే చెప్పుకున్నాడట. ఆ సుల్తాన్ చనిపోయాక గానీ ఆయన వతన్ చేరలేదు.

1615లో ఆయన ముందుకి ఒక సవాల్ వచ్చింది. సహారా మధ్యలో ఉండే తువాత్ వాళ్లు అడిగారు: సూడాన్ దేశాల నుంచి, అంటే నల్లవాళ్ల దేశాల నుంచి, బజారుకొస్తున్న గులాముల్ని కొనొచ్చా? నూహ్ అలైహిస్సలామ్ కొడుకు హామ్‌కి తగిలిన బద్‌దువా వల్లే నల్లవాళ్లు గులాములయ్యారంటారు, నిజమేనా? అహ్మద్ బాబా జవాబు "మిఅరాజుస్ సుఊద్" పేరుతో మిగిలింది. ఆ బద్‌దువా కథకు అస్లు లేదన్నాడు. రంగు ఎవర్నీ గులామ్ చేయదన్నాడు. ఫలానా ఫలానా దేశాలు ఎవరూ దాడి చేయకుండానే, తమ ఇష్టంతో ఇస్లాంలోకి వచ్చాయి, అక్కడివాళ్లను కొనడం అమ్మడం హరామ్ అని పేర్లతో సహా రాశాడు.

ఆయన హద్దు కూడా చెప్పుకోవాలి. జిహాద్‌లో పట్టుబడ్డ కాఫిర్లను గులాములుగా ఉంచుకోవచ్చన్న పాత ఫిఖ్‌ను ఆయన దాటలేదు. గులామీ మొత్తాన్ని రద్దు చేయమనలేదు. అయినా, రంగును బట్టి మనిషిని అమ్మే బజారుకు ఎదురుగా నిలబడి, ఆ బజారు దలీల్‌ను ముక్కలు చేసినవాడు ఒక ఆఫ్రికన్ ఆలిమ్. కాంట్‌కి ఒకటిన్నర శతాబ్దం ముందు. ఆయన పేరు మన మదర్సాల్లో ఎంతమందికి తెలుసు?

ఇక్కడ మనవాళ్లు ఇంకో తప్పుదారి పడతారు. "చూశారా, ఇస్లాం వెళ్లాకే ఆఫ్రికాకు అఖల్ వచ్చింది" అంటారు. ఇది టోపీ పెట్టుకున్న హెగెల్ మాట. ఆఫ్రికాకు ఆలోచన బయటి నుంచే వచ్చిందని ఆయనా అన్నాడు, మీరూ అంటున్నారు. తెచ్చినవాడి పేరొక్కటే మారింది. ఇస్లాం చేరని చోట్ల, చర్చి చేరక ముందు, ఆఫ్రికన్ ఖౌములు తమ భాషల్లో ఏం ఆలోచించాయో తెలుసుకోకుండా ఈ లెక్క తేలదు.

ఘనాలోని అకాన్ ఖౌమ్ సంగతే తీసుకోండి. వాళ్ల భాషలో మనిషిని "ఒనిపా" అంటారు. దుర్మార్గుణ్ని చూసి "వీడు ఒనిపా కాదు" అంటారు. ఈ మాట మనకు కొత్తా? "వాడసలు మనిషేనా" అని తెలుగులో అంటాం. ఆద్మీ వేరు, ఇన్సాన్ వేరని ఉర్దూలో అంటాం. మూడు ఖౌములు, ఒకే ఖయాల్: మనిషిగా పుట్టడం ఒకటి, మనిషి కావడం ఇంకొకటి. దక్షిణాన జూలూ, హోసా భాషల సామెత కూడా ఇదే దారిలో నడుస్తుంది: "ఉముంటు న్‌గుముంటు న్‌గబంటు", మనుషుల వల్లే మనిషి మనిషవుతాడు. "ఉబుంటు" అని దునియా అంతా చెప్పుకునే మాట ఇదే. దాన్ని కాఫీ కప్పుల మీద అచ్చేసి అమ్ముకున్నారు, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌కి పేరు పెట్టుకున్నారు. ఆ మాట వెనక జరిగిన కొట్లాట మాత్రం ఎవరికీ పట్టలేదు.

కొట్లాట అనే అంటున్నాను. నైజీరియా ఫల్సఫీ ఇఫియానీ మెన్‌కిటీ 1984లో వాదించాడు: మనిషితనం పుట్టుకతో రాదు, సమాజంలో బాధ్యతలు మోస్తూ కొంచెం కొంచెంగా సంపాదించుకునేది, అందులో ఓడిపోవడం కూడా సాధ్యమే. పసిబిడ్డ చనిపోతే తంతు చిన్నదిగా, పెద్దమనిషి పోతే పెద్దదిగా జరపడం కూడా దీనికి గవాహీ అన్నాడు. ఘనా ఫల్సఫీ క్వామే జెచే దీనికి అడ్డం పడ్డాడు. సమాజం మనిషిని తీర్చిదిద్దుతుంది, ఒప్పుకుంటాను. పూర్తిగా సమాజమే తయారు చేస్తుందంటే మాత్రం ఒప్పుకోను అన్నాడు. అందరూ దేవుడి బిడ్డలే, ఎవరూ మట్టి బిడ్డలు కారు అనే అకాన్ సామెతను ముందు పెట్టాడు. మనిషికి పుట్టుకతోనే ఇజ్జత్ ఉంది, తన సమాజపు రివాజును ఎదురు నిలిచి అడిగే అఖల్ ఉంది అన్నాడు.

ఈ బహస్ మన దీవాన్‌ఖానాల్లో జరగాల్సిన బహస్. "లోగ్ క్యా కహేంగే" అనే ఒక్క మాటతో ఎంతమంది ఆడపిల్లల చదువు ఆపామో, ఎన్ని రిష్తాలు బలవంతంగా కుదిర్చామో మనకు తెలుసు. ఖాన్‌దాన్ కోసం, జమాత్ కోసం అంటూ ఒక్కరి గొంతు నొక్కేవాళ్లకు ఉబుంటు భలే తియ్యగా వినిపిస్తుంది. జెచే వాళ్లను వదిలిపెట్టడు. నలుగురి వల్లే మనిషి అవుతావు, నిజమే. ఆ నలుగురూ జుల్మ్ చేస్తుంటే ఎదురు చెప్పే హఖ్ కూడా ఆ మనిషితనంలో భాగమే. ఇలా తమ సామెతను తామే బోనులో నిలబెట్టి అడగడాన్నే ఫల్సఫా అంటారు.

ఈ ఆలోచన కితాబుల్లోనే ఉండిపోలేదు, కచేరీకెక్కింది. 1995 జూన్ 6న దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం మక్వాన్యానే కేసులో ఫైసలా చెప్పింది. ముల్జిములు సాధారణ నేరస్తులు కారు, హత్యల్లో దోషులుగా తేలినవాళ్లు. బయట అవామ్‌లో చాలామంది ఉరే కావాలంటున్నారు. 11 మంది జడ్జీలూ ఒక్కమాటగా సజాయె మౌత్‌ను కొట్టేశారు. వాళ్లలో పలువురు తమ తీర్పుల్లో ఉబుంటును దలీల్‌గా తీసుకున్నారు. ఆ పలువురిలో ఒకరు ఇస్మాయిల్ మహమద్, ప్రిటోరియాలో హిందుస్తానీ మూలాలున్న ఇంట్లో పుట్టినవాడు, తర్వాత ఆ దేశానికి చీఫ్ జస్టిస్ అయ్యాడు. తీర్పు సారం ఇది: హంతకుడు కూడా మనిషే. అతని చావును సర్కారు చేతులతో జరిపిస్తే, చంపినవాళ్లమైన మన మనిషితనం కూడా తగ్గుతుంది.

దీన్ని మన గడ్డ మీదికి తెచ్చి చూడండి. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఘోరమైన అత్యాచారం, హత్య కేసులో పట్టుబడ్డ నలుగురు పోలీసుల తుపాకీలకు చచ్చిపోయారు. విచారణ లేదు, తీర్పు లేదు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మన ఇళ్లల్లో మిఠాయి పంచినవాళ్లున్నారు. ఆ పిల్లకు జరిగిన జుల్మ్ చూసి రక్తం ఉడకని మనిషి లేడు, ఆ బాధను ఎవరూ చిన్నది చేయలేరు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ మాత్రం, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని 2022లో తేల్చింది. "వాళ్లు మనుషులే కాదు" అని ఆ రోజు అన్నవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఆ మాట ఇవాళ ఒకరి మీద పనిచేస్తే, రేపు ఎవరి మొహల్లా మీద పనిచేస్తుందో ముసల్మాన్లకు ఎవరైనా విడమరచి చెప్పాలా?

ఉబుంటు పేరుతో అంతా మంచే జరిగిందని నేననడం లేదు. డెస్మండ్ టుటు సదారత్‌లో ట్రూత్ కమిషన్ 1996లో పని మొదలుపెట్టింది. పూర్తి నిజం చెబితే జాలిమ్‌కి మాఫీ అన్నారు. 1977లో పోలీసుల చేతుల్లో చనిపోయిన స్టీవ్ బీకో కుటుంబం కోర్టుకెక్కి అడిగింది: మా మనిషిని చంపినవాళ్లకు మాఫీ ఇవ్వడానికి మీరెవరు? మా ఇన్సాఫ్ ఏమైనట్టు? ఆ కేసు ఓడిపోయారు. తీర్పు రాసింది అదే ఇస్మాయిల్ మహమద్. తర్వాత 1999లో బీకో కేసు పోలీసులకు కమిషన్ మాఫీ ఇవ్వలేదు. అయినా వాళ్లలో ఎవరికీ సజా పడలేదు. కమిషన్ గుర్తించిన బాధితులకు సర్కారు చివరికి ఒక్కసారి 30,000 ర్యాండ్లు చేతిలో పెట్టి సరిపెట్టింది. మాఫీ మజ్లూమ్ చేతుల్లో ఉండాలి. సర్కారు వాటం చూసుకుని పంచే మాఫీ ఖాళీ సంచీ లాంటిది. ఈ నిలదీత కూడా ఆఫ్రికా నుంచే వచ్చింది, బీకో ఇంటి నుంచే వచ్చింది. అఖ్లాఖ్‌లో ఆ ఇంటి వాటా టుటు వాటాకు ఏమాత్రం తక్కువ కాదు.

ఇంకొక పేరు గుర్తు పెట్టుకోండి: క్వాసీ విరెడు. ఘనాలో 1931లో పుట్టాడు, 2022లో పోయాడు. ఆయన చెప్పిన ఒక తరీఖా ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాలాంటివాణ్ని వదలదు. ఏ పెద్ద ఫల్సఫా మాటైనా ఇంగ్లీషులో విని తల ఊపకండి, దాన్ని మీ అమ్మ భాషలో పెట్టి చూడండి, అక్కడ నిలబడితేనే నమ్మండి అన్నాడు. అకాన్‌లో నిజాన్ని "నోక్వారె" అంటారు, దాని మూలం ఒకే నోరు అనే మాట. రెండు నాలుకలు లేకపోవడమే నిజం. ఇంగ్లీషులో కొండంత కనిపించిన సవాల్ అకాన్‌లో పెడితే కొన్నిసార్లు మాయమవుతుందని ఆయన చూపించాడు.

ఫైసలాలు ఎలా చేయాలో కూడా ఆయన రాశాడు. అకాన్ చిహ్నాల్లో రెండు తలల మొసలి ఒకటుంది. తలలు రెండు, కడుపు ఒక్కటే. తిండి కోసం తలలు కొట్లాడుకుంటాయి, తిన్నది చేరేది ఒక్క చోటికే. అందుకని, ఓట్లు లెక్కపెట్టి గెలిచినవాళ్లు అంతా పట్టుకుపోయే పద్ధతి కంటే, ఇత్తెఫాఖ్ కుదిరేదాకా కూర్చుని మాట్లాడే పాత అకాన్ పద్ధతి మేలని విరెడు వాదన. నైజీరియాకు చెందిన ఇమ్మాన్యుయెల్ ఎజె దీన్నీ ఊరికే వదల్లేదు, పాత పెద్దల మీద మరీ భరోసా పెట్టుకుంటున్నావని నిలదీశాడు. ఎవరు గెలిచారో మీరు తేల్చుకోండి. నా మట్టుకు నేను మన మసీదు కమిటీల ఎలక్షన్లు చూసి విరెడును తలుచుకుంటాను. పది ఓట్ల తేడాతో గెలిచినవాళ్లు ఓడినవాళ్లను సఫ్‌లో పక్కన నిలబడనివ్వనట్టు చూస్తారు. మష్వరా గురించి మనకు ఆయతులు కంఠతా వచ్చు. కడుపు ఒక్కటేనన్న సంగతి ఆ మొసలి గుర్తు చేయాల్సి వస్తోంది.

చివరి దలీల్ కాగితం మీద ఉంది. సెనెగల్ జడ్జి కేబా ఎంబాయ్ 1972లో ఒక మాట ముందుకు తెచ్చాడు: ఎదగడం, బాగుపడడం కూడా మనిషి హక్కే. 1981లో ఆఫ్రికా దేశాలు నైరోబీలో ఒక చార్టర్‌కు మంజూరీ ఇచ్చాయి. దాని తయారీలో ఎంబాయ్ చెయ్యి పెద్దది. అందులో ఒక్కొక్కరి హక్కులతో పాటు ఖౌముల హక్కులున్నాయి. మనిషి మీద కుటుంబం పట్ల, సమాజం పట్ల ఉండే ఫర్జులూ ఉన్నాయి. మంచి పర్యావరణంలో బతకడం ఖౌముల హక్కని అందులో రాశారు. ఎంబాయ్ మాటను ఐక్యరాజ్యసమితి 1986లో ఎలాన్ చేసింది. శుభ్రమైన పర్యావరణం మనిషి హక్కని అదే సభ ఒప్పుకున్నది 2022లో. ఆఫ్రికా కాగితం మీద పెట్టిన 41 ఏళ్లకు! అప్పుడు ఎవరైనా నైరోబీ పేరు తలిచారా?

ఇప్పుడు మన జిమ్మేదారీ. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ మొహల్లా పేరు విప్పితే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని వస్తుంది. మన షాదీల్లో మోగే మర్ఫాలో సిద్దీల చేతులున్నాయి. వాళ్ల తాళానికి చిందులేస్తాం, వాళ్ల పోలికలున్న పిల్లను కోడలిగా ఒప్పుకోం. బుఖారీలో రివాయత్ ఉంది: అబూ జర్ గిఫారీ ఒక మనిషిని అతని తల్లి పేరు ఎత్తి దెప్పితే, నీలో ఇంకా జాహిలియత్ మిగిలి ఉందని రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం అన్నారు. అంతటి సహాబీకి ఆ మాట తప్పలేదు. మన ఇంట్లో "హబ్షిన్" అన్న ఖాలాకి చెప్పకుండా ఊరుకుంటామా?

నేనడిగేవి పెద్ద పనులు కావు. ఆ మాట ఇంట్లో మళ్లీ వినబడితే పిల్లల ముందే ఆపండి. కిరాయికి గది అడిగినవాణ్ని రంగు చూసి కాదు, ఎవరినైనా అడిగే నాలుగు సవాళ్లే అడగండి. మదర్సాలో అహ్మద్ బాబా ఫత్వాను, కాలేజీలో విరెడునూ జెచేనూ పాఠంగా పెట్టమని అడగండి. రెండు భాషలు చేతిలో ఉన్నవాళ్లం మనం. వీళ్ల రాతల్ని తెలుగులోకీ ఉర్దూలోకీ తెచ్చి, విరెడు చెప్పినట్టే మన అమ్మల భాషలో నిలబడతాయో లేదో పరీక్ష పెడదాం. నిలబడనివి ఉంటే కొట్లాడదాం. ఒక ఖౌమ్ ఆలోచనతో కొట్లాడడమంటే దానికి ఇజ్జత్ ఇచ్చినట్టే. మనం ఇన్నాళ్లూ ఆఫ్రికాకు కన్నీళ్లిచ్చాం, నవ్వులిచ్చాం. ఇవ్వనిది ఆ ఇజ్జత్ ఒక్కటే.